కొత్త ప్రభుత్వానికి మనమేమి విన్నవించుకొనవలె?



2024 జూన్‌లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు మన ప్రాంతపు పెద్దలు కొందరు కూడి, మత విషయంగా, శాసన విషయంగా, సాంఘిక విషయంగా రావలసిన సంస్కరణలను గూర్చి ఒక విజ్ఞాపన పత్రం సిద్ధం చేయవలెనని నిశ్చయించినారు. తెలుగు పండిత శిక్షణ పొందినవాడను గనుక దానిని వ్రాసే పని నా మీద పడినది. ఊళ్లో ఎవరికి అర్జీ కావలసినా, శుభలేఖ కావలసినా, సమాధి మీద చెక్కించే నాలుగు పంక్తులు కావలసినా బడి తెలుగు మాష్టారి ఇంటికి రావడం ఈ డెల్టాలో పూర్వాచారమే. బందరులో ఒకసారి, గుడివాడలో ఒకసారి, అవనిగడ్డలో ఒకసారి కూర్చొని అందరి కోరికలూ పోగుచేయగా పదునాలుగు తేలినవి. వానిని సాపు వ్రాయడానికి కూర్చున్న నాడు నాకొక సందేహం పుట్టినది. అది తీరక ఆ కాగితాలు చాలకాలం నా బల్ల సొరుగులోనే ఉండిపోయినవి. తోటి శరణుల ముందు ఆ సందేహాన్ని ఉంచుతున్నాను.

ఒక సంఘం కొత్త ప్రభుత్వాన్ని సంస్కరణ కోరినప్పుడు, ఆ కోరిక ధర్మమైనదనడానికి గుర్తు ఏమి? తనకు లాభించే దానిని అడగడం సంస్కరణ అవుతుందా? తాను ఇంట చేయని పనిని ఊరంతటి చేత చట్టం పెట్టి చేయించమని అడుగవచ్చునా? అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. నిజమే. కాని అమ్మను ఏమి అడుగుతున్నామో, ఏ బిడ్డ పళ్లెంలోది అడుగుతున్నామో కూడా చూచుకొనవలె గదా.

ఇటువంటి ఘట్టం మన జిల్లాకు కొత్త కాదు. 1983 జనవరి 9వ తేదీన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినారు. వారి జన్మస్థలం మన నిమ్మకూరు. ఆ ఎన్నికలలో గుడివాడ నుండి కూడా వారు నెగ్గినారు. మనవాడు రాజయినాడన్న ఉత్సాహంలో కుల సంఘాలు, గుడి కమిటీలు, రైతు సంఘాలు అన్నీ అర్జీలు వ్రాసినవి. నాకప్పుడు పదునాలుగేండ్లు. మా నాన్నగారు చెప్పుతూ ఉండగా రూళ్ల కాగితం మీద సాపుప్రతి వ్రాసినది నేనే. నా చేవ్రాలు గుండ్రనిదని వారికి నమ్మకం. దాని నకలు మా ట్రంకుపెట్టెలో ఇటీవల దొరికినది. అందులో ఏడు కోరికలున్నవి. మొదటిది కరణాల, మునసబుల వంశపారంపర్య పెత్తనం పోవలెనని. రెండవది ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో కొడుకుతో సమంగా వాటా రావలెనని. మూడవది దేవాలయ మాన్యాల మీద కొన్ని కుటుంబాల గుత్తాధిపత్యం తొలగి, లెక్కలు ఊరి ముందుకు రావలెనని. తక్కినవి చిన్నవి. మా వీధి చివరి తూము గురించిన కోరిక సంస్కరణల నడుమకు ఎట్లు వచ్చినదో నాకు గుర్తు లేదు.

మా అర్జీ ఎవరైనా చదివినారని చెప్పలేను గాని, ఆ ప్రభుత్వం మొదటి మూడూ చేసినది. 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైము గ్రామాధికారుల పదవులన్నింటినీ ఒక్కసారిగా రద్దు చేసినది. దానిని సుప్రీంకోర్టులో సవాలు చేయగా, 1985లో ఆ కోర్టు రద్దును సమర్థించినది. ఈ కాలపు పిల్లలకు ఆ మార్పు ఎంతటిదో తెలియదు. అడంగలులో పేరు వ్రాసే కలం ఎవరి ఇంట ఉన్నదో వారి అరుగు ముందు రైతు చెప్పులు విడిచి నిలుచున్న రోజులవి. తండ్రి తరువాత కొడుకు చేతికి ఆ కలం వచ్చేది. ఆ కలంతో పాటు చాలీచాలని జీతంతో బ్రతికిన బీద కరణాలు కూడ వీధిన పడినారు. అది కూడ చెప్పవలసిన మాటే. అయినా పుట్టుక చేత వచ్చే అధికారం ఊరి నడుమ నుండి తొలగినది. అది మంచిదే అయినదని నా అభిప్రాయం.

రెండవ కోరిక 1986లో చట్టమైనది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ అది. ఆ మూల చట్టం ఎవరికి వర్తిస్తుందో చెప్పే చోట వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టి పేర్కొన్నది గావున, మనకు వర్తించదని చెప్పుకొనే వీలు మనలో ఎవరికీ లేదు. సవరణ ప్రకారం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కూడ కుమారునివలె పుట్టుకతోనే హక్కు వచ్చినది. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినట్లు శాసించినారు. ఆ తేదీకి ముందు వివాహమైన కుమార్తెలకు మాత్రం వర్తించదన్నారు. ఈ చివరి వాక్యం సంగతి మళ్లీ చెప్పవలసి ఉన్నది.

మూడవది 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం. జస్టిస్ చల్లా కొండయ్యగారి అధ్యక్షతన వేసిన సంఘం సిఫారసుల మీద వచ్చినది. అర్చకుల, మిరాశీదారుల వంశపారంపర్య హక్కులు దానితో రద్దయినవి. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లునన్నది. 2007లో వచ్చిన సవరణ పాత అర్చక కుటుంబాలకు కొంత ఊరట కలిగించినది.

ఇక 2024 నాటి మన పదునాలుగు కోరికలలో మూడవది చూడండి. శివాలయాలలో తరతరాలుగా అర్చన చేస్తున్న జంగమ, తంబళి కుటుంబాల పుట్టుక హక్కును సంపూర్ణంగా పునరుద్ధరించవలెనని అది. దానిని సాపు వ్రాయబోయి నా కలం ఆగినది. నలువది ఏండ్ల క్రితం కరణం కొడుకు కరణం కాకూడదని వ్రాసిన చేయి ఇది. ఆ అర్జీకి పైన బసవేశ్వరుని పేరు పెట్టినాము. ఈ అర్జీకి కూడ అదే పేరు పెట్టినాము.

చిన్న గుళ్ల అర్చకుల బీదతనం నేను ఎరుగనిది కాదు. దివిసీమలో కొన్ని ఊళ్లలో మాన్యం ఉన్నా కౌలు రాదు. కౌలు వచ్చినా దీపానికి నూనె చాలదు. ఆ ఇంటి పిల్లలు నా తరగతిలో చదువుకొన్నారు. వారికి బ్రతుకుదెరువు కావలెనని, నెల తప్పక జీతం రావలెనని అడుగుదాము. గట్టిగానే అడుగుదాము. కాని పుట్టుక వల్ల వచ్చే హక్కును బసవని పేర అడగడం నాకు చేతకాదు. ప్రతి శరణుని అరచేతిలోను ఇష్టలింగాన్ని ఉంచి, దేవునికి భక్తునికి నడుమ మూడవవానిని తొలగించిన మార్గం గదా ఇది.

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో బిజ్జలుని కొలువులో భాండారి, దండనాయకుడు. అంటే అర్జీ పెట్టుకొనవలసిన వాడు కాదు. అర్జీలు అందుకొనే చోట ఉన్నవాడు. రాజముద్ర అందుబాటులో ఉన్నది. అయినా బిజ్జలుని చేత ఒక శాసనం వ్రాయించి కులభేదాన్ని తీసివేయించినట్లు మనకు తెలిసిన కథలలో ఎక్కడా లేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో చెప్పిన బసవపురాణం ప్రకారం ఆయన మొదట చేసిన పని తన ఉపనయనాన్ని తాను వలదనడం. అనగా వదులుకొనడం తన దానితో మొదలుపెట్టినాడు. పిమ్మట కల్యాణంలో బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు, చర్మకారుడైన హరళయ్య కుమారునికి వివాహం జరిగినదని, బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికీ మరణదండన విధించినాడని కన్నడ సంప్రదాయ కథనం.

దీనినిబట్టి కొందరు మనవాళ్లు, సంఘం మారవలె గాని చట్టం ఏమి చేస్తుంది అంటారు. నేనొప్పుకొనను. ఆ కథనే మరియొకసారి చదవండి. ఇద్దరు తండ్రుల మనసులు మారినవి. ఇద్దరు పిల్లల మనసులు కలిసినవి. సంఘంలో కొందరైనా ముందుకు నడిచినారు. కాని రాజ్యపు చట్టం వారి మీద పడినది. ముందు నడిచిన వాని మెడ మీద కత్తి పడకుండ చూచే చట్టమే ఆనాడు లేకపోయినది. గోరాగారు బందరు హిందూ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, 1940లో మన ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినవారు. దేవుడు లేడన్నవారిని మన పత్రికలో తలచడం కొందరికి రుచించకపోవచ్చును. అయినా హరళయ్య కథ చెప్పేటప్పుడు వారు నాకు గుర్తుకు వస్తారు. 1948లో వారి కుమార్తె వివాహం హరిజన యువకునితో గాంధీగారి సేవాగ్రాములో జరిగినది. ఆ తండ్రిని ఏ బిజ్జలుడూ శిక్షింపలేదు. ఎనిమిది వందల ఏండ్లలో రాజ్యం అంత మాత్రం మారినది. చట్టం మారకుండ అది జరుగలేదు.

సంఘం ముందు మారనీ అనే మాట తరచు ఎవరి నోట వస్తుందో గమనించినారా? మారకపోవడం వల్ల సుఖపడేవారి నోట. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవాలయ ప్రవేశ చట్టం చేయకుండ, ఊరి మనసు మారేదాకా చూతమని ఉన్నట్లయితే, కొన్ని గుళ్ల ముందు ఇంకా చూస్తూనే ఉండేవారు. అయితే చట్టం ఒక్కటే చాలునని కూడ అనలేము. విధవా పునర్వివాహ చట్టం 1856లో వచ్చినది. తెలుగునాట కందుకూరి వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వివాహం జరిపినది 1881 డిసెంబరు 11న. పాతికేండ్లు ఆ చట్టం తెరచిన తలుపువలె ఉండిపోయినది, గడప దాటేవారు లేక. మరి వీరేశలింగంగారు ఉండి చట్టం లేకపోతే? ఆ దంపతులకు పుట్టిన బిడ్డలకు వారసత్వం ఉండేది కాదు. వరకట్నం సంగతి చెప్పనే అక్కరలేదు. మన రాష్ట్రం 1958లోనే నిషేధ చట్టం చేసుకొన్నది. కేంద్రం 1961లో చేసినది. ఆ రెండింటి తరువాత పుట్టిన మన పిల్లలకే మనం కట్నాలిచ్చినాము, పుచ్చుకొన్నాము. సారా విషయం మరొక విధం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ముందు నడిచినారు, చట్టం వెనుక వచ్చినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలై 1997లో సడలిపోయినది. ఖజానా ఆ స్త్రీల కన్న బలమైనదని తేలినది.

ఇన్ని చూచిన పిమ్మట నాకు తోచిన కొలత ఒకటే. మనం అడిగే చట్టం ముందు నడవబోయే బలహీనునికి అండగా నిలుస్తుందా, లేక మనకు ఇదివరకే ఉన్నదానికి కంచె వేస్తుందా అని చూడవలె. ఈ కొలతతో చూడగా పదునాలుగింటిలో అయిదు నాకు పనికిరానివిగా కనబడినవి. ఒకటి రెండు కొంచెం మరమ్మతుతో నిలుస్తవి.

మరమ్మతు కావలసినది రుద్రభూమి కోరిక. మన వారికి దహనం లేదు, సమాధి. అందులోను కూర్చుండబెట్టి చేసే సమాధి గనుక గుంట లోతుగా ఉండవలె. ఈ డెల్టాలో, ముఖ్యంగా దివిసీమలో, శ్రావణం భాద్రపదాలలో మూడడుగులు తవ్వేసరికి నీరు ఊరుతుంది. నాగాయలంక, కోడూరు ప్రక్కన ఆ నీరు ఉప్పుగా కూడ ఉంటుంది. కుండలతో నీరు తోడుతూ ఉండగా శవం గట్టు మీద ఎదురు చూడడం నేను చూచినాను. ఉన్న కొద్ది స్థలం చుట్టూ చేలగట్లు ఏటేటా జరుగుతూ వస్తవి. గావున మెరక చేసిన స్థలం కావలెనని అడగడం న్యాయం. కాని మన కాగితంలో వ్రాసినది వీరశైవులకు ప్రత్యేకంగా అని. ప్రక్కనే మాలపల్లె వారి స్థలం కూడ అదే నీటిలో ఉన్నది. క్రైస్తవులైన వారు కూడ పూడ్చవలసినవారే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేల మంది పోయినారు. నేను అప్పటికి ఎనిమిదేండ్ల వాడను. మా నాన్నగారు బియ్యపు బస్తాలతో వెళ్లి వారం తరువాత తిరిగి వచ్చి, మూడు రోజులు మాటలాడలేదు. చాలకాలానికి ఒకసారి చెప్పినారు: దొరికిన చోట, దొరికిన కట్టెతో, దొరికిన గుంటలో అందరినీ కలిపి సాగనంపినారని, మెడలో లింగం ఉన్నదా శిలువ ఉన్నదా అని చూచే తీరిక ఎవరికీ లేదని. గాలికి నిలువలేని మట్టిగోడల ఇండ్లవారే అందులో ఎక్కువ. అటువంటి నేల మీద నిలిచి, మాకు మాత్రం మెరక చేసి పెట్టండి అని అడగడం ఎట్లు? పూడ్చుకొనే ఆచారం గల ఊరివారందరికీ అని దిద్దినాను. మన పెద్దలలో ఒకరికి కోపం వచ్చినది. ఇది కుల సంఘపు అర్జీ గాని పంచాయతీ తీర్మానం కాదన్నారు. వారి మాటలో కొంత నిజం ఉన్నది; అయినా దిద్దుబాటు అట్లే ఉంచినాను.

ఇంతవరకు ఇతరులను దిద్దినాను. ఆడపిల్లల చట్టం సంగతి చెప్పవలసి ఉన్నదని పైన అన్నాను.

మా అక్కయ్య వివాహం 1985 వైశాఖంలో జరిగినది. చట్టం లెక్కించిన తేదీకి నాలుగు మాసాలు ముందు. పెండ్లినాడు ఆ తేదీ ఎవరికీ తెలియదు. అది మరుసటి ఏడు నిర్ణయమై వెనుకకు వెళ్లినది. 1986లో పత్రికలో ఆ వార్త చదివి మా నాన్నగారు అన్న మాట నాకు గుర్తున్నది: అమ్మయ్య, మన అమ్మాయి పెండ్లి ముందే అయిపోయినది. మూడేండ్ల క్రితం ఆడపిల్లకు సమానమైన వాటా రావలెనని నా చేత వ్రాయించినది వారే. ఆయన కపటి కాడు. ఉప్పెనలో శవాలను మోసిన మనిషి. చట్టం ఊరికి రావలెనని మనసారా కోరినారు. తన చేనికి రాలేదని మనసారా సంతోషించినారు. ఈ రెండూ ఒక మనసులో ఎట్లు ఇమిడినవో చాలకాలం నాకు అర్థం కాలేదు. 1998లో అర్థమైనది.

ఆ ఏడు నాన్నగారు బ్రతికి ఉండగానే పంపకాలు జరిగినవి. మూడెకరాల అరవై సెంట్ల మాగాణి. నాన్నగారికి, నాకు, తమ్మునికి తలా ఎకరం ఇరవై సెంట్లు. పారిఖత్తు రిజిస్టరు చేయించినాము. తన వాటాను తరువాత వీలునామాతో మా ఇద్దరికే వ్రాసినారు. ఆ విధంగా నాకు ఎకరం ఎనభై సెంట్లు. అక్కయ్యకు పసుపుకుంకుమల క్రింద కట్నం ఇచ్చినాము గదా అన్నారు అందరూ. నేను కూడ అన్నాను. ఆ కట్నం సొమ్ము అక్కయ్య చేతికి ఒక్క రూపాయి రాలేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. 2005లో పార్లమెంటు దేశమంతటికీ కుమార్తెల హక్కును చట్టం చేసి, పెండ్లి తేదీ అడ్డు తీసివేసినది. తండ్రి బ్రతికి ఉండవలెనన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కదల్చరాదని ఆ చట్టంలోనే ఉన్నది. మా పారిఖత్తు 1998 నాటిది. రెండు చట్టాల నడుమ సందులో నుండి నేను తడవకుండ బయటికి వచ్చినాను.

లెక్కలు చెప్పే మాష్టారిని గాను గాని ఈ లెక్క వేసికొన్నాను. అక్కయ్యను కూడ వాటాదారుగా లెక్కించి, నాన్నగారి భాగాన్ని ముగ్గురికి పంచి ఉంటే తలా ఎకరం ఇరవై వచ్చేది. నా దగ్గర అధికంగా ఉన్నది అరవై సెంట్లు. ఇది నా దగ్గర ఉండడం చట్టవిరుద్ధం కాదు. ఏ కోర్టూ అడగదు. పదునాలుగు కోరికలలో అయిదవది, స్త్రీలకు ఆస్తి హక్కు చట్టాలు కచ్చితంగా అమలు కావలెనని. దానిని వ్రాస్తూ ఉండగా, అమలు అయిపోయినది, నాకు లాభంగానే అయినది అని తోచినది.

అక్కయ్య ఇల్లు అవనిగడ్డ దగ్గర. పోయిన మాఘంలో వెళ్లి సంగతి చెప్పినాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ ఉన్నది. చాలసేపు ఏమీ అనలేదు. ఇన్నేండ్లకు ఎందుకురా తమ్ముడూ అన్నది. తరువాత, ఇస్తే అమ్మాయి పేర వ్రాయి, కాని పెట్టుపోతల క్రింద వ్రాయకు అన్నది. బందరులో దస్తావేజు లేఖరి దగ్గరకు వెళ్లినాను. పంపకాలు ముగిసినవి గనుక ఇప్పుడు వాటా అని వ్రాసే వీలు లేదని, గిఫ్టు సెటిల్‌మెంటు అని వ్రాయవలెనని అతడు చెప్పినాడు. అనగా దానం. ఆమె వద్దన్న మాటనే కాగితం అడుగుతున్నది. ప్రేమాభిమానాల చేత ఇచ్చుచున్నాను అన్న వాక్యం అచ్చులోనే ఉన్నది. దానిని కొట్టివేయవచ్చునా అని అడిగితే నవ్వినాడు. తమ్ముడు తన అరవై సెంట్ల విషయంలో ఇంకా ఒప్పుకొనలేదు. చట్టం అడిగినదా అని అతని ప్రశ్న. అతని మీద నాకు కోపం లేదు. 1998 నుండి నేను కూడ అదే ప్రశ్న చాటున ఉన్నాను.

అయిదవ కోరికను తిరిగి వ్రాసినాను. పాత పంపకాలలో విడువబడిన ఆడపడుచులకు అన్నదమ్ములు తమంత తాము భూమి తిరిగి ఇచ్చినచో, ఆ దస్తావేజుకు స్టాంపు రుసుము మినహాయించవలెనని, దానికి దానమని కాక వాటా అనే పేరు ఉండవలెనని. ఇప్పటికి కాగితంలో తొమ్మిది కోరికలు మిగిలినవి. రాబోయే పున్నమినాడు గుడివాడలో కూడినప్పుడు ఇవి చదువుతాను. అర్చకత్వపు కోరిక తీసివేసినందుకు గట్టి వాదం జరుగుతుందని తెలుసు. రాదలచినవారు తమ ఇంటి పారిఖత్తు ఒకసారి తీసి చూచుకొని రావలెనని మనవి.